బెర్కి కొట్టిన గోలు

వెండెల్ హ్రుబి తోలు ముక్కను మోకాళ్ల మధ్య బిగించి, చూడకుండానే కుడిచేయి బల్లమీదికి చాచాడు. ప్రతి ఉదయం ఆ చేతికి తోలుకు తూట్లు పొడిచే ఆరె దానంతట అదే తగిలేది. ఆ శనివారం తగల్లేదు.

మైనం ఉండ ఉంది, దారం కండె ఉంది, సుత్తి ఉంది. ఆరె లేదు. లేచి, వంగని ఎడమకాలిని పక్కకు చాపి, బల్ల కింది తోలు పేలికల్ని చేత్తో కెలికాడు. దాని పిడి చెర్రీ కర్రది. ఏళ్ల తరబడి పట్టుకోగా బొటనవేలు ఆనేచోట గుంట పడింది.

"ఏమిటా తవ్వకం? ఎలుక దూరిందా?" వంటింట్లోంచి బోరిష్కా అడిగింది.

"ఆరె కనబడటంలేదు."

"మొన్న కళ్లద్దాలు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికావు. ఇవాళ ఆరె. ఇంకొన్నాళ్లకు పెళ్లాన్ని వెతుక్కుంటావు."

"నిన్ను వెతకక్కర్లేదు. ఆ గొంతు వినబడేవైపు నడిస్తే చాలు."

మేకుకు వేలాడుతున్న కొత్త బంతివైపు చూశాడు వెండెల్. అది రేపటి ఆటకు. ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టి పాతికేళ్లయిందని వియన్నా జట్టును పిలిచారు. కుట్టు అంతా అయిపోయింది. నిన్న చీకటిపడే వేళ రబ్బరు బ్లాడరు కూడా లోపలికి దూర్చాడు. గాలి కొట్టి, తోలుతాడుతో మూతి బిగించడమే మిగిలింది. దానికి ఆరె కావాలి.

కింది అంతస్తు చెప్పులు కుట్టేవాడి దగ్గర ఒకటి అడిగి తెచ్చాడు. దాంతో గుర్రపు జీను పట్టీ ఒకటి మొదలుపెట్టాడు. ఎవరో తిన్న చెంచాతో తింటున్నట్టు ఉంది. నాలుగు కుట్లు వేసి లేచాడు. వరండా కటకటాల దగ్గర నిలబడి, కింద ముంగిట్లో తివాచీలు దులుపుతున్న ఆడవాళ్లను చూశాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. ఎడమ భుజం వారం రోజులుగా లాగుతోంది. దాన్ని గుప్పిటతో నొక్కుకున్నాడు.

అతన్ని కుదురుగా ఉండనివ్వనిది ఆరె ఒక్కటే కాదు. రేపటి ఆటలో బంతిని మొదట తన్నేది బెర్కి అని నగరమంతా కాగితాలు అంటించారు. బెర్కి అంటే ఒకప్పుడు వెండెలే.

ఆ రోజుల్లో బడిపిల్లలు క్లబ్బుల్లో బంతి ఆడకూడదు. పట్టుబడితే బడిలోంచి తీసేసేవారు. అందుకని పదిహేడేళ్ల వెండెల్‌కు క్లబ్బు మేనేజరు దొంగపేరు పెట్టాలనుకున్నాడు. చుట్టూ చూశాడు. మైదానం ఎదురుగా మాంసం దుకాణం బోర్డుమీద ఏ పేరుంటే ఆ పేరు పెట్టాడు. రెండేళ్లపాటు జనం కటకటాలు పట్టుకుని "బెర్కీ! బెర్కీ!" అని అరిస్తే, దుకాణంలోంచి అసలు బెర్కి కత్తితో సహా బయటికి వచ్చి చేయి ఊపేవాడు. మోకాలు విరిగినప్పుడు మేనేజరు, "నువ్వు లేచేదాకా" అంటూ ఆ చొక్కానూ ఆ పేరునూ పాల్కో అనే కుర్రవాడికి ఇచ్చాడు. వెండెల్ లేచాడు గానీ పరుగెత్తలేదు. పాల్కో తర్వాత ఎలెమేర్ సలోకీ బెర్కి అయ్యాడు. పాల్కో యుద్ధంలో పోయాడు. పత్రికలవాళ్లకు ముగ్గురూ ఒక్కడే. ఇరవై ఏళ్లు ఆడిన మహానుభావుడు.

ముగ్గురూ కొట్టిన గోల్స్‌లో అందరూ చెప్పుకునేది మాత్రం ఒక్కటే. వియన్నావాళ్లమీద తలతో కొట్టినది. అది వెండెల్‌ది. నుదుటిమీద ఇప్పటికీ బంతి తాడు గీసిన తెల్లటి అచ్చు ఉంది. నిచ్చెనమెట్లలాంటి మచ్చ.

మధ్యాహ్నం బోరిష్కా పందికొవ్వు రాసిన రొట్టె, కోసిన ఉల్లిపాయ ముందు పెట్టింది.

"రేపు వెళ్తావా?"

"ఏం చూడ్డానికి?"

"నీ గోలును ఇంకొకడు మోసుకెళ్తుంటే చూడ్డానికి. ఇంతకీ ఆ గోలు ఎలా కొట్టావో నాకు ఇప్పటికైనా చెప్తావా, బెర్కి దొరగారూ?"

"అక్కడే ఉన్నావుగా. చూసి ఉండాల్సింది."

"గాలికి నా టోపీ ఎగిరిపోయింది. వంగి వెతుక్కుంటున్నాను. తలెత్తేసరికి అందరూ గంతులేస్తున్నారు. పుట్టాక కొన్న మొదటి టోపీ అది. గోలు కంటే దానికే ఎక్కువ ఏడ్చాను."

వెండెల్ నవ్వలేదు. ఆమెకు ఎన్నడూ చెప్పని సంగతి ఒకటుంది. ఆ గోలు అతనూ చూడలేదు. తడిసి బరువెక్కిన బంతి ముఖంమీదికి వస్తుంటే భయపడి కళ్లు మూసుకున్నాడు. నుదుటిమీద దెబ్బ, నోట్లో మట్టి, ఆపైన జనం హోరు. అంతే తెలుసు. బంతి ఏ మూలకు వెళ్లిందో, గోల్‌కీపరు ఎటు దూకాడో, అసలు అది గురి చూసి కొట్టినదో గుడ్డిగా తగిలినదో తెలియదు. జీవితంలో ఒక్కసారి వేలమంది అతన్ని చూశారు. వాళ్లు ఏం చూశారో అతనికి తెలియదు. ఎవరినైనా అడిగితే కళ్లు మూసుకున్న సంగతి బయటపడుతుంది.

నాలుగు గంటలవేళ తలుపు తట్టి ఎలెమేర్ లోపలికి వచ్చాడు. నగరసభ కార్యాలయంలో ఉద్యోగం. గట్టి కాలరు, పలచబడుతున్న జుట్టు.

"రండి, బెర్కి గారూ," అన్నాడు వెండెల్.

"మీరే అలా పిలిస్తే నేను మిమ్మల్నేమని పిలవాలి మేస్త్రీగారూ?"

ఇద్దరూ కొంచెం నవ్వారు. ఎలెమేర్ కూర్చోలేదు. టోపీ అంచు తిప్పుతూ ఉండిపోయాడు.

"బంతి కోసమైతే ఇంకా అవలేదు. పొద్దున తీసుకెళ్లండి."

"బంతి కోసం ఎవరినైనా పంపేవాణ్ని. రేపు క్లబ్బువాళ్లు ఆ వియన్నా గోలు సంగతి ఎత్తుతారు. నన్ను పొగుడుతారు. నేను నోరు మూసుకుని నిలబడలేను. మీరు నా పక్కన ఉండాలి. ఇదిగో కొట్టినవాడు అని నేనే చెప్తాను."

"ఇప్పుడెందుకు అవన్నీ?"

"నాకప్పుడు తొమ్మిదేళ్లు. డబ్బు లేక బొగ్గుల కొట్టం కప్పుమీదెక్కి చూశాను. గోలు స్తంభాల వెనకే ఆ కొట్టం. అంత దగ్గర్నుంచి ఇంకెవరూ చూసి ఉండరు. ఆ గోలు చూశాకే మేస్త్రీగారూ, నాకు బంతి పిచ్చి పట్టింది."

వెండెల్ చేతిలోని పట్టీ కింద పడింది. తీయడానికి వంగలేదు. అడగాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. బోరిష్కా వింటోంది.

"రేపు వస్తాను," అన్నాడు చివరికి. "ఆట మొదలుకాకముందు మిమ్మల్నొకటి అడగాలి. మైదానంలో. మనిద్దరమే ఉన్నప్పుడు."

"ఇప్పుడే అడగండి."

"ఇక్కడ కాదు."

ఎలెమేర్ వెళ్లాక వెండెల్ పెట్టె తెరిచి నల్లకోటు తీశాడు. దులిపి, కుర్చీకి తగిలించాడు. మళ్లీ తీసి కిటికీ వెలుగులో మోచేతులు చూసుకుని తిరిగి తగిలించాడు. బూట్లకు నల్లరంగు పూశాడు. ఒళ్లంతా చెమట పట్టింది. కూర్చుంటే భుజం లాగుతోంది, నిలబడితే కాళ్లు ఆగడంలేదు. బంతిని మేకునుంచి దించి ఒళ్లో పెట్టుకున్నాడు. అరువు ఆరెతోనే అయినా ముగించాలి. గాలి కొట్టేముందు బ్లాడరు మడతలు సరిచేద్దామని మూతిలోంచి రెండు వేళ్లు పోనిచ్చాడు.

వేళ్లకు చెర్రీ కర్ర తగిలింది. బొటనవేలి గుంట తగిలింది. నిన్న బ్లాడరుతోపాటు ఆరెను కూడా లోపలికి దూర్చేశాడు. ఇది తెలియక గాలి కొట్టి ఉంటే పటేలుమని పగిలేది. పొద్దుటినుంచీ మొదటిసారి అతను గట్టిగా నవ్వాడు.

"బోరిష్కా! దొరికింది!"

"ఎక్కడ?"

జవాబు రాలేదు.

"ఎక్కడ దొరికిందయ్యా?" అంటూ ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అతను గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. ఆరె గుప్పిట్లో ఉంది. ఈసారి కళ్లు తెరిచే ఉన్నాయి. రెప్ప పడటంలేదు.

ఆదివారం ఉదయం ఎలెమేర్ వచ్చాడు. గదిలో ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. తలుపు దగ్గరే టోపీ తీశాడు. కుర్చీకి నల్లకోటు అలాగే ఉంది.

"నన్నొకటి అడగాలన్నారమ్మా," అన్నాడు బోరిష్కాతో మెల్లగా. "ఏమిటో మీకు తెలుసా?"

"తెలియదు నాయనా."

వియన్నావాళ్లతో ఆట ఇంకో బంతితో జరిగింది. బల్లమీద మూతి తెరిచిన కొత్త బంతి, పక్కన మైనం రాసిన తోలుతాడు. తాడు ఇంకా ఒక్క రంధ్రంలోనూ ఎక్కించలేదు.