నైరుతి చూడని విమానం

మా ఇంట్లో దేవుడి తర్వాత మేం భయపడేది నైరుతికే. దేవుడైనా టెంకాయ కొడితే శాంతిస్తాడు. నైరుతి అట్లా కాదు, గోడ పడగొట్టేదాకా ఊరుకోదు.

ఇదంతా మా మరిది చెంచురామయ్య పుణ్యం. ఆయన మొదటిసారి సొసైటీ ప్రెసిడెంటుగా నిలబడి ఓడిపోయినప్పుడు, ఎందుకు ఓడాడో మా ఆత్మకూరులో ఏ టీ అంగడి దగ్గర అడిగినా చెప్పేవాళ్లు. ఆయన మనుషుల్ని అడగలేదు, దిక్కుల్ని అడిగాడు. ఉదయగిరి నుంచి నారాయణయ్య అనే వాస్తు పండితుణ్ణి పిలిపించాడు. నారాయణయ్య దిక్సూచి పట్టుకుని ఇల్లంతా తిరిగి, నా గదికి దక్షిణాన ఉన్న కిటికీలోంచి ఓట్లన్నీ బయటికి పోయాయని తేల్చాడు. మర్నాడే ఆ కిటికీని ఇటుకలతో పూడ్చేశారు. ఆ ఎండాకాలం నేను ఇడ్లీ పాత్రలో ఇడ్లీలాగా ఉడికాను. తర్వాతి ఎన్నికలో మా మరిది ఇంకా ఘనంగా ఓడాడు. అప్పుడు మెట్లు మార్చారు. కిటికీ మాత్రం తెరవలేదు.

అట్లాంటి ఇంట్లో నా మనవరాలు భవ్యశ్రీ విమానం నడుపుతానంది.

భవ్యశ్రీ మా వాడు పెంచలప్రసాద్ కూతురు. నెల్లూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసి, ఆ జీతంలో మిగిల్చుకుని ఒక నల్లటి పిడి కొనుక్కొచ్చింది. ఉదయగిరి చెక్క గరిటెలు తెలుసు కదా, ఆ గరిటె కాడను బల్ల మీద నిలబెట్టినట్టుంటుంది. జాయ్‌స్టిక్ అంటారట. ముందుకు వంచితే టీవీ తెర మీద విమానం ముక్కు దించుతుంది, వెనక్కి లాగితే ఎత్తుతుంది. ఆ పిడి నెత్తిన బొటనవేలికి అందేటట్టు చిన్న బొడిపె ఉంది.

"ఇదేందే?" అన్నాను.

"అది మెడ అవ్వా. అది ఎటు తోస్తే నేను అటు చూస్తా."

"దేవుడిచ్చిన మెడ ఏమైంది నీకు?"

"నా మెడ తిప్పితే నువ్వు కనపడతావు. రన్‌వే కనపడాలంటే తెరలో మెడ తిప్పాల."

మొదట్లో ఆ బొడిపె దాని మాట వినలేదు. ఎడమకు తోస్తే చూపు ఎద్దుబండిలాగా నింపాదిగా కదిలేది. వదిలితే అక్కడే నిలబడిపోయేది, పెళ్లిలో పక్కావిడ నగల మీద చూపు పడితే మళ్లీ రానట్టు. "తోస్తే టక్కున తిరగాల, వదిలితే టక్కున ముందుకు రావాల" అని గొణుక్కుంటూ, సెట్టింగులనే పేజీలో ఎనిమిది వైపులకీ ఎనిమిది చూపులు ఒక్కొక్కటే కూర్చి పెట్టుకుంది. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చూశాను కాబట్టి నాకూ కొంత వంటబట్టింది. విమానం దించాలంటే నేరుగా వచ్చి వాలడం కాదు. రన్‌వేని ఒక పక్కన పెట్టుకుని దాన్ని దాటి పోవాలి. అది భుజం వెనక్కి వచ్చేదాకా ఓరగా చూస్తూ ఉండి, అప్పుడు తిరగాలి. ముందే తిరిగితే ఎత్తు ఎక్కువైపోతుంది, ఆలస్యంగా తిరిగితే రన్‌వే దూరమైపోతుంది. అంటే విమానం దించేది చేతులే అయినా, ఎప్పుడు దించాలో చెప్పేది మెడ.

పిల్లకు హైదరాబాదులో పైలట్ ట్రైనింగులో సీటొచ్చింది. వాళ్ల నాయన్ని అడిగితే "బాబాయిని అడుగు" అన్నాడు. మా వాడు జ్వరమొచ్చినా మాత్ర వేసుకోవచ్చునా అని బాబాయిని అడిగే రకం. చెంచురామయ్య మీసం దువ్వుకుని పందెం పెట్టాడు.

"ఆదివారం నలుగుర్ని పిలుస్తా. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రేణిగుంటలో దించు. దించినావా, నేనే బస్సెక్కిస్తా. దించలేదా, ఆ పిడి అటకెక్కుతాది, నువ్వు వరికుంటపాడులో మనవాళ్ల స్కూలుకు పోయి కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంటావు. సరేనా?"

"సరే తాతా" అంది పిల్ల. అప్పటికే పదిసార్లు దించి ఉంది కాబట్టి ధైర్యంగానే అంది. ఈ ఇంట్లో పందెం వేశాక నారాయణయ్య వస్తాడన్న సంగతి మరిచిపోయింది.

శనివారం పొద్దున్నే వచ్చాడు నారాయణయ్య. ముందు బల్లను తూర్పు ముఖంగా తిప్పించాడు. సరే, బల్లే కదా అనుకున్నాం. తర్వాత ఆయన కన్ను ఆ బొడిపె మీద పడింది.

"ఇది ఎన్ని పక్కలకు తిరుగుతాదమ్మా?"

"ఎనిమిది పక్కలకు."

నారాయణయ్య ముఖం వెలిగిపోయింది. "చూసినారా పెద్దాయనా! అష్టదిక్కులు! తెల్లవాడు కూడా మన శాస్త్రం చూసే చేసినాడు." ఇక ఆగలేదు. ముందుకు తోస్తే తూర్పు, మంచిది. ఎడమ ఉత్తరం, కుబేరుడి స్థానం, ఉండనీయండి. వెనక ఎడమ వాయవ్యం, వాయుదేవుడు, విమానానికి అంతకన్నా ఏం కావాలి. కుడి పక్కకొచ్చేసరికి ముఖం చిట్లించాడు. "ముందు కుడి ఆగ్నేయం. విమానంలో నిప్పు మొహం చూస్తారా? తీసేయండి. కుడి దక్షిణం, యముడు. గాల్లో ఉండేటోళ్లు యముడి పక్క చూడొచ్చునా? తీసేయండి. వెనక కుడి..." అని గొంతు తగ్గించాడు. "నైరుతి."

మా మరిది వెంటనే చెంపలేసుకున్నాడు.

"అయ్యా, అది కుడి పక్కే కానీ దక్షిణం కాదు" అంది భవ్యశ్రీ. "విమానం తిరిగితే కుడి పక్క ఎటైనా అవుతాది."

"కూర్చునే కుర్చీ తూర్పుకుండాది కదమ్మా. శాస్త్రం కుర్చీని చూస్తాది."

పెంచలప్రసాద్ పక్కన నిలబడి, నారాయణయ్య వేలు చూపించిన చోటల్లా నొక్కి ఆ మూడు చూపుల్నీ తుడిచేశాడు. కన్న కూతురి మెడకు కుడి పక్క నరం తెంపుతున్నానని వాడికి తట్టలేదు. బాబాయి చెప్పాడు, అంతే.

పిల్ల ఒక నిమిషం ఆలోచించి, "పోనీలే తాతా, ఎడమ పక్కగా చుట్టి వచ్చి దించుతా" అంది.

"ఎడమ పక్కగానా!" చెంచురామయ్య కుర్చీలోంచి లేచాడు. "పక్కనే ఏడుకొండలు పెట్టుకుని అప్రదక్షిణం చేస్తావా? ఇంట్లో ఎవురన్నా పోయినారా? చుట్టేది ప్రదక్షిణంగానే చుట్టాల. కుడి పక్కగా!"

"కుడి పక్క చుట్టాలంటే కుడి పక్క చూడాల కదా తాతా?"

"ఎందుకు చూడాల? పైలటన్నాక ముందుకు చూడాల. ఆడపిల్లకి పక్క చూపులేంది?"

నాకు కడుపు మండింది. "చెంచురామయ్యా, చుట్టూ తిరగాల, పక్కకు చూడకూడదంటే దానికి పిడెందుకు? గానుగెద్దు గంతలు తెచ్చి కట్టు, సరిపోతాది."

"నీకు తెలీదులే వదినా."

నిజమే, నేను చదువుకోలేదు. కానీ ఈ మాట నాకు తెలుసు. పీటల మీద కూర్చున్ననాడు విన్నాను, గుడి చుట్టూ తిరిగేటప్పుడు విన్నాను, అత్తగారింట్లో ఏళ్ల తరబడి విన్నాను. తిరుగు, చూడకు. నా కాలంలో దానికి బొడిపె లేదు, అంతే తేడా.

భవ్యశ్రీ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. తాత వైపు తిరిగి, "నువ్వు చెప్పినట్టే నడుపుతా తాతా. ఒక్క బటనూ మార్చను. కానీ నువ్వు నా పక్కనుంచి లేవకూడదు" అని నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. మా అమ్మ నవ్వు అది. మా నాయనకు ఉప్పు లేని పప్పు పెట్టేముందు నవ్వేది.

ఆదివారం హాలు నిండిపోయింది. భవ్యశ్రీకి ఫిజిక్స్ చెప్పిన యేసురత్నం మాస్టరు చర్చి నుంచి నేరుగా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నారాయణయ్య తీర్థం చల్లబోతే, తడిస్తే షాక్ కొడుతుందని పిల్ల ఆపింది. చెంచురామయ్య కొత్త పంచె కట్టుకుని దాని పక్కన కూర్చుని, విమానం రన్‌వే మీద పరుగెత్తుతుంటే ముందుకూ, గాల్లోకి లేస్తుంటే వెనక్కీ వాలాడు. బల్ల మాత్రం ఉన్నచోటే ఉంది.

కాసేపు బాగానే నడిచింది. "అదుగో కొండ! గోవిందా!" అన్నాడు. జనం కూడా గోవిందా అన్నారు. మాస్టరు మర్యాదకు తల ఊపాడు. భవ్యశ్రీ చెప్పినట్టే కుడి పక్కకు చుట్టింది. రన్‌వే మెల్లిగా తెర కుడి అంచుకు జరిగి మాయమైంది. ఎదురుగా ఆకాశం, కింద చెట్లు, అంతే.

"రన్‌వే ఏదమ్మా?"

"కుడి పక్కుండాది తాతా."

"చూపీ మరి."

"దక్షిణం కదా."

విమానం పోతూనే ఉంది.

"ఇప్పుడో?"

"ఇప్పుడు వెనక్కొచ్చుంటాది. నైరుతిలో."

"తిప్పు మరి!"

"ఎప్పుడు తిప్పాలో చూస్తేనే కదా తెలిసేది. నువ్వు ముందుకే చూడమన్నావు. చూస్తా ఉండా."

ముందు ఏముందంటే కొండ. శేషాచలం కొండ. తెరలో చింతగింజంత ఉన్నది చింతకాయంతై, చింతచెట్టంతై, ఇక తెర పట్టనంత అయింది. రాళ్లు కనపడుతున్నాయి. చెంచురామయ్య కాళ్లు రెండూ కుర్చీ మీదికి లాక్కున్నాడు.

"ఏయ్, ఆపు! ఆపు!"

"ఆకాశంలో యాడ ఆపేది తాతా?"

"నారాయణయ్యా, ఏంది స్వామీ ఇది?"

నారాయణయ్య కళ్లు మూసుకుని ఏదో చదువుకుంటున్నాడు. ఆయనకూ ముందు చూసే ధైర్యం లేదు.

"నైరుతి చూడు తల్లీ!" అని అరిచాడు మా మరిది. "చూడు! చూడు!"

"ఎవరు చెప్పినారు తాతా? నాకు సరిగ్గా వినపళ్లేదు."

"నేనే! చెంచురామయ్యని! నేనే చెప్తా ఉండా, నైరుతి చూడు!"

అప్పుడు నొక్కింది భవ్యశ్రీ సెట్టింగుల పేజీ. తెర మీద కొండ అట్లాగే నిలబడిపోయింది. చెంచురామయ్య నోరు తెరిచాడు.

"ఆగుతాది కదే మరి!"

"ఇంట్లో ఆగుతాది తాతా. అక్కడ ఆగదు."

మూడు చూపుల్నీ తిరిగి పెట్టి, పేజీ మూసి, విమానాన్ని కుడికి ఒరిగించి కొండ పక్కనుంచి తప్పించింది. బొటనవేలితో బొడిపెను వెనక కుడికి తోసింది. తెర గిర్రున తిరిగింది. ఎక్కడో దూరాన, బొటనవేలంత పొడుగున, రన్‌వే. యముడూ లేడు, నైరుతి ఏలే నిరృతీ లేడు. నల్లటి రోడ్డు, దాని మీద తెల్లటి గీతలు. పిల్ల ఓరగా చూసింది, ముందుకు చూసింది, మళ్లీ ఓరగా చూసింది, తిరిగింది. దించేటప్పుడు ఒకసారి ఎగిరిపడింది, అబద్ధమెందుకు చెప్పాలి. ఆ ఎగురుకి మా మరిది కుర్చీలో నిజంగానే ఎగిరాడు. తర్వాత విమానం నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు.

ఊపిరి తిరిగొచ్చాక ఆయనకు పెద్దరికం కూడా తిరిగొచ్చింది. పంచె సర్దుకుని, "బాగానే దించినావు. కానీ నారాయణయ్య పెట్టినట్టు నడపలేదు. బటన్లు మార్చినావు. పందెం తప్పింది కదా" అన్నాడు.

పిల్ల ముఖం వాడిపోయింది. వాళ్ల నాయన ఎప్పటిలాగే నేల చూశాడు. నేను లేచాను.

"ఏమయ్యా, మార్చమని అరిచింది ఎవురు? పేరు కూడా చెప్పి అరిచినావే! కుర్చీ మీదికి కాళ్లెత్తి కూర్చుంది ఎవురు? హాలు నిండా విన్నారు. మళ్లీ అరిపించమంటావా? దాన్ని ఆ మూడు తీసేసి మళ్లీ ఎక్కించమంటా, నువ్వు పక్కన కూర్చో."

"వొద్దొద్దు" అన్నాడు చెంచురామయ్య, గబుక్కున.

యేసురత్నం మాస్టరు లేచి నిలబడి, "చెంచురామయ్యా, నేను మీ దేవుడికి గోవిందా చెప్పలేదు గానీ, ఆ కొండ దగ్గరికొచ్చేసరికి మా ప్రభువును గట్టిగానే పిలిచినాను. పిల్లను పంపించు" అన్నాడు. అందరూ నవ్వారు.

నారాయణయ్య తెలివైనవాడు. గాలి ఎటు వీస్తుందో దిక్సూచి లేకుండానే కనిపెట్టాడు. "పెద్దాయనా, అసలు కదిలే వస్తువుకు వాస్తు లేదు. శాస్త్రమే చెప్తాది."

"ఆ ముక్క నిన్న చెప్పుండొచ్చు కదయ్యా!"

"నిన్న కదల్లేదు కదా."

ఆ మాటతో మా మరిదికి ఒక దారి దొరికింది. ఓడిపోయింది తాను కాదు, శాస్త్రమే సడలింపిచ్చింది. "అయితే పో అమ్మా" అన్నాడు, తానే ఇచ్చినట్టు.

అన్నమాట ప్రకారం బస్సెక్కించడానికి ఆయనే వచ్చాడు. బస్సు కదిలాక వెనక్కి చూడొద్దు, మంచిది కాదు అని మూడుసార్లు చెప్పాడు. భవ్యశ్రీ కుడి పక్క కిటికీ దగ్గర కూర్చుని, బస్సు నెల్లూరు రోడ్డెక్కేదాకా తల బయటపెట్టి వెనక్కే చూసింది. కండక్టరు అరిచినా లోపలికి పెట్టలేదు.

ఇంటికొచ్చాక అడిగాను. "చెంచురామయ్యా, పిల్లకు దక్షిణం తెరిచినావు, నాకూ ఆ కిటికీ తెరిపించరాదా? ఉడికిపోతా ఉండా."

"విమానమంటే కదులుతాది వదినా. ఇల్లు కదలదు కదా."

"నేను కదులుతా కదా" అన్నాను.

అదేరోజు సాయంత్రం నేనే పోయి సుత్తీ ఉలీ ఉన్న మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాను. గోడ మీద మొదటి దెబ్బ పడేసరికి మా మరిది వసారాలో కూర్చుని ఉన్నాడు. లేవలేదు, అరవలేదు. కుర్చీని మాత్రం ఉత్తరం వైపుకు తిప్పుకున్నాడు.