అంకుల్ విసిరిన తెల్ల ఎలుక

పక్షులు చూడ్డానికి తిరిగేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. గుడ్లగూబ కనబడితే పక్షుల లెక్కింపులో చెప్పాలి గానీ, చోటు మాత్రం బయటపెట్టకూడదు. పెడితే కెమెరాలు వేసుకుని జనం దిగుతారు, ఎలుకల్ని ఎరవేసి దాన్ని రోడ్డు మీదికి రప్పిస్తారు. ఈ మాట నాకు నేర్పింది కోదండరామ్ అంకులే. అందుకే తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

నేను కెనడాలోని కేంబ్రిడ్జ్‌కు వచ్చిన కొత్తలో, ఆఫీసు లేనప్పుడు గోడలు చూస్తూ కూర్చునే నన్ను అడవికి లాక్కెళ్ళింది ఆయనే. బైనాక్యులర్స్ పట్టుకోవడం దగ్గరుండి నేర్పారు. చిన్నప్పుడు గుడ్లగూబ పేరెత్తితేనే అమ్మ "ఛీ, అపశకునం" అని నోరు మూయించేదంటే, "మనం ఎదురవడమే దానికి అపశకునం తల్లీ" అని నవ్వేవారు. నాకు ఆయన మాట వేదవాక్కు.

ఈ చలికాలం పక్షుల లెక్కింపుకు ఉత్తరాన నార్త్ బే ఊరు దాటి ఇంకా పైకి వెళ్ళాం. కలప లారీలు తిరిగే రోడ్డు నా వాటాకు వచ్చింది. అక్కడ ఒక స్ప్రూస్ చెట్టు మీద కనబడింది బూడిదరంగు పెద్ద గుడ్లగూబ. పళ్ళెమంత ముఖం, పసుప్పచ్చటి కళ్ళు. నిజం చెబుతున్నాను, ఏడ్చేశాను. మా బృందం లెక్కలన్నీ చూసేది అంకులే గనక ఆయనొక్కరికే చోటు చెప్పాను.

"ఎవరితోనూ అనకండి అంకుల్."

"పిచ్చిదానా, నాకు చెప్పాలా?" అన్నారు.

తర్వాతి శనివారం మనసాగక మళ్ళీ వెళ్ళాను. రోడ్డు పక్కన కార్లు బారులు తీరి ఉన్నాయి. కెమెరాల గుంపు మధ్యలో అంకుల్, చేతిలో పెట్ షాపు డబ్బా. తెల్ల ఎలుకను తోక పట్టుకుని తీసి మంచు మీదికి విసిరారు. గుడ్లగూబ రోడ్డుకు అడ్డంగా, బాగా కిందుగా వచ్చింది. సరిగ్గా అప్పుడే మలుపులోంచి లారీ. పక్షి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. కెమెరాలు మాత్రం టకటకమంటూనే ఉన్నాయి.

"అంకుల్! ఏంటిది?"

ఆయన తడబడ్డారు. "అరవకు సుప్రజా, ఎగిరిపోద్ది. వీళ్ళంతా నా ఫోటో క్లబ్ ఫ్రెండ్సేనమ్మా. ఒక్కసారన్నా నేను చూపించాననిపించుకోవాలని..."

"మిమ్మల్ని నమ్మి చెప్పాను!"

"ఎలుకేస్తే ఏమవుద్దే? పాపం, చలిలో దానికీ తిండేగా."

పాపమట! ఇంకో ఎలుక కోసం డబ్బాలో చెయ్యి పెట్టారు. గుడ్లగూబ అప్పటికే రోడ్డంచున స్తంభం మీద వాలి, మావైపే చూస్తోంది. మనిషంటే అన్నం పెట్టేవాడని వారంలోనే దానికి తెలిసిపోయింది. ఇలాగే వదిలేస్తే ఏదో ఒక లారీ కింద పడి చస్తుంది.

కారెక్కి హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. అందరూ తిట్టారు. అదేమో కదల్లేదు. కిందికి దిగి, మంచు ముద్దలు విసురుతూ, "ఫో! ఫో ఇక్కణ్ణుంచి!" అని గొంతు చించుకుంటూ దాని మీదికే పరుగెత్తాను. బెదిరిపోయి చెట్లలోకి ఎగిరిపోయింది.

"పిచ్చెక్కిందా నీకు? ఇంక రాదది!" అన్నారు అంకుల్.

"రాకూడదు."

ప్రాణంగా చూసుకున్న పక్షి నన్ను చూసి భయపడి పారిపోయింది. నా చేత ఆ పని చేయించినందుకు ఆయన్ని ఈ జన్మకు క్షమించను.