మబ్బు ఈల

పొద్దున పదిన్నరకు చరియ జారి, మాతో పనిచేసే పొడుగాయన చనిపోయాడు. సాయంత్రం నాలుగింటికల్లా ఆ రోడ్డు మీద కార్లు తిరిగాయి.

నన్ను మాట్లాడమని పిలిచారు కాబట్టి ముందు ఈ ముక్క చెబుతున్నాను. అయిదున్నర గంటలు. ఒక మనిషిని రాళ్ళ కింద నుంచి తీసి, దుప్పటి కప్పి, కిందికి పంపి, రోడ్డు ఊడ్చి తెరవడానికి అంతే పట్టింది. నెత్తురు పడ్డ చోట మట్టి పోసి పారతో చదును చేసింది నేనే. మొదటి కారులో వాళ్ళు అద్దం దించి మాకు చేతులు ఊపారు. పాపం, వాళ్ళకేం తెలుసు? లోయ నిండా తెల్లటి మబ్బు, అవతల వరసగా కొండలు. ఎంత అందమైన రోడ్డో! క్యాలెండర్ల మీద వేస్తారు. ఆ బొమ్మలో మేం ఎక్కడా ఉండం. మేం ముప్ఫై ఒక్కమందిమి. ఆ రోజు నుంచి ముప్ఫై.

మా పని ఎలా ఉంటుందో మీలో చదువుకునే పిల్లలకు తెలియకపోవచ్చు. వానలు మొదలైతే ఆ మలుపు దగ్గర కొండ నానిపోయి రాలుతూనే ఉంటుంది. మేం పారలు, గునపాలు, తట్టలు పట్టుకుని కింద నిలబడి ఎత్తిపోస్తూ ఉంటాం. అందరం వంగి పనిచేస్తుంటే ఒక్క మనిషి మాత్రం ఏ పనిముట్టూ పట్టడు. లోయ వైపు అంచున నిలబడి, తల పైకెత్తి కొండనే చూస్తుంటాడు. మెడలో ఈల ఉంటుంది. పైన గులకరాయి కదిలినా ఈల వేయాలి. ఈల వినపడితే చేతిలో ఉన్నది అక్కడే పడేసి పరిగెత్తాలి. ఎందుకని అడగకూడదు. ఆ మనిషిని మేం పైచూపు అంటాం. అరగంటకోసారి పైచూపు మారాలి. అంతకు మించి చూస్తే కళ్ళు మోసం చేస్తాయి.

కొండ అంచు వెనక మబ్బులు పరిగెడుతుంటాయి. అదేపనిగా చూస్తుంటే కాసేపటికి మబ్బు ఆగిపోయి కొండే కదులుతున్నట్టు కనిపిస్తుంది. మీద పడుతున్నట్టే ఉంటుంది. అప్పుడు వేసే ఈలను మబ్బు ఈల అంటాం. మబ్బు ఈలైనా సరే, అందరూ పరిగెత్తాల్సిందే. పరిగెత్తాక నవ్వకూడదు. పనిలో చేరిన రోజున మేస్త్రి నాకు చెప్పిన మొదటి మాట అదే. "నువ్వు నవ్వావనుకో, రేపు వాడు వెయ్యాల్సిన ఈల వెయ్యడు" అన్నాడు.

కొత్త కాంట్రాక్టరు వచ్చాక మనుషుల్ని తగ్గించాడు. అరగంటకు మారడం పోయింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే పైచూపు. ఆ ఒక్కడూ మా మరిదే. నా పెళ్ళినాటికి ఎనిమిదేళ్ళవాడు, నా చేతుల్లో పెరిగినవాడు. చూపు మంచిదని వాణ్ణి పెట్టారు. ఎంత మంచి చూపైతే మాత్రం రోజంతా ఎవడు చూడగలడు? రోజుకు మూడు నాలుగు మబ్బు ఈలలు వేయడం మొదలైంది. సూపర్‌వైజర్ మండిపడ్డాడు. "ఏరా, మళ్ళీ ఆకాశం ఊడిపడిందా?" అని అందరి ముందూ ఎగతాళి చేసేవాడు. ఆ ఎగతాళి మెల్లగా మాకూ అంటుకుంది. పరిగెత్తీ పరిగెత్తీ మోకాళ్ళు అరిగిపోయాయి మరి. "ఏవయ్యా మరిదీ, కాసేపాగితే సూర్యుడు కూడా పడతాడేమో చూడు" అన్నాను నేను ఒకరోజు. అందరూ పడీపడీ నవ్వారు. వాడూ ఎర్రబడ్డ కళ్ళు నులుముకుంటూ నవ్వాడు.

ఆ పొద్దున అప్పటికే రెండుసార్లు పరిగెత్తించాడు. మూడోసారి ఈల వినపడితే నేను నడుం కూడా పూర్తిగా ఎత్తలేదు. "మొదలుపెట్టాడు బాబోయ్" అన్నాను. పక్కనున్న నలుగురూ నవ్వారు. పొడుగాయన గునపం మీద చెయ్యి ఆనించి, నా వైపు తిరిగి, తనూ నవ్వాడు. ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే రాళ్ళు పడ్డాయి.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం సూపర్‌వైజర్ మా రేకుల షెడ్డుకు ఒక కాగితం పట్టుకొచ్చాడు. పైచూపు మనిషి డ్యూటీలో నిద్రపోయాడని, ఈల వేయలేదని, చావుకు పూర్తి బాధ్యత అతనిదేనని అందులో ఉంది. కింద మా అందరి వేలిముద్రలకు జాగా వదిలారు.

"ముద్ర వేసినవాళ్ళని పర్మినెంటు చేస్తానన్నారు కాంట్రాక్టరు గారు" అన్నాడు. "ఎల్లుండి నుంచి సెలవులు. బళ్ళు బారులు తీరతాయి. రోడ్డు తెరిచే ఉండాలి. రేపు ఎనిమిదింటికి అందరూ కింద పనిలో ఉండండి."

మేస్త్రి అడిగాడు. "పైన ఆ బండ సంగతేంటి సార్?"

చరియ జారినచోట ఇల్లంత బండ ఒకటి బయటపడింది. దాని కింద మట్టి గంట గంటకూ కారిపోతోంది. "వానలు తగ్గనీ, చూద్దాం" అన్నాడాయన. కాగితం గట్టు మీద పెట్టి, ఎగిరిపోకుండా సిరా డబ్బా బరువు పెట్టి వెళ్ళిపోయాడు.

మా మరిది మూలన మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రెండు రోజుల్లో వాడు కాదనలేదు, అవుననలేదు. మేమూ నోరు మెదపలేదు. అసలు మాకు మాట్లాడే ఓపిక ఎక్కడిది? పొద్దున్న లేస్తే మళ్ళీ ఆ చరియ కిందికే కదా.

మలుపుకు పైనున్న గేటు దించి రోడ్డు మూయమని మేం అడగబోతున్నామని ఎవరో చెప్పినట్టున్నారు. సాయంత్రం అయ్యేసరికి పై ఊరి నుంచి హోటలావిడ, జీపు డ్రైవరు వచ్చారు. హోటలావిడ గుమ్మంలోంచే అందుకుంది.

"మీకేం తల్లీ, గేటు వేసి కూర్చుంటారు. ఏడాదికి రెణ్ణెల్లు సీజను. ఆ రెణ్ణెల్లే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. మా అత్తకి వారానికి రెండుసార్లు కింద ఆసుపత్రిలో రక్తం శుభ్రం చెయ్యాలి. రోడ్డు మూస్తే ఆమెని నేను భుజాన వేసుకుని దిగనా?"

"ఆమె సంగతి వేరు" అన్నాడు మేస్త్రి. "జబ్బు మనిషి బండి వస్తే మేమే దాటిస్తాం. పైచూపులు నలుగురిని పెట్టి, చూసుకుని, నడిపించి దాటిస్తాం. సరదాగా షికారుకొచ్చే బండి కోసం మాత్రం కిందికి పోం."

"షికారు బళ్ళు తోలేవాణ్ణి నేను" అన్నాడు జీపు డ్రైవరు. "నా పిల్లలు షికారుగా తింటున్నారా? వాయిదాలు ఆగవు, ఆకలి ఆగదు. మీరూ కూలోళ్ళే, నేనూ కూలోణ్ణే. మీ ఒక్కళ్ళ ప్రాణాలే ప్రాణాలా?"

"నీ జీపు కూడా ఆ బండ కిందనుంచే పోతుంది కదయ్యా" అన్నారెవరో. మాటామాటా పెరిగింది. పది మంది ఒకేసారి అరుస్తున్నారు. కాంట్రాక్టరుని తిట్టాల్సిన తిట్లన్నీ ఒకళ్ళనొకళ్ళం తిట్టుకున్నాం. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మమ్మల్ని విడగొట్టడానికి ఆయన ప్రత్యేకంగా ఏమీ చేయనక్కర్లేదు, అలసిపోయేలా చేస్తే చాలు.

అప్పుడు పొడుగాయన భార్య లేచింది. చెల్లీ అనే పిలిచేదాన్ని ఆమెను. చరియ జారిన రోజు ఆమెది షెడ్డులో వంట వంతు, అందుకే పనికి రాలేదు. ఆమె గట్టిగా అరవలేదు.

"అవన్నీ తర్వాత. నాకొకటి చెప్పండి. ఈల వేశాడా, వెయ్యలేదా?"

మేస్త్రి మొహం తిప్పుకున్నాడు.

"నిద్రపోయాడని సూపర్‌వైజర్ చెప్పాడు. రెండు రోజుల్నుంచి వీడి మొహం చూడలేక చస్తున్నాను. అక్కడున్నది మీరే కదా. ఒక్కళ్ళూ చెప్పరేం?"

మా మరిది తల ఎత్తాడు. "వేశానక్కా. కానీ రాయి కదిలిందో మబ్బు కదిలిందో నాకే తెలీలేదు. గట్టిగా వెయ్యలేకపోయాను. మళ్ళీ నవ్వుతారని..."

ఇప్పుడు చెప్పకపోతే ఆ కాగితం మీద నేను ముద్ర వేసినట్టే. చెబితే ఆమె మొహం ఇక చూడలేను. లేచి నిలబడ్డాను.

"వేశాడమ్మా. గట్టిగానే వినపడింది. నేనే నవ్వాను. మొదలుపెట్టాడు బాబోయ్ అన్నాను. నీ మొగుడు నా వైపు తిరిగి నవ్వుతూ ఉండిపోయాడు."

ఆమె నా వైపు చాలాసేపు చూసింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఒకరి తర్వాత ఒకరు లేవడం మొదలుపెట్టారు. "నేనూ విన్నాను." "నేనూ నవ్వాను." "నేను విని కూడా తట్ట దించలేదు." మేస్త్రి ఏడ్చేశాడు. "అరగంటకు మార్చకపోతే కుదరదని నేను ఆ రోజే ఎదురు తిరగాల్సింది. పని పోతుందని ఊరుకున్నాను."

చెల్లి కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ పాపాలు నాకొద్దు. మిమ్మల్ని క్షమించమని అడగొద్దు, నావల్ల కాదు. రోజంతా ఒక్కణ్ణి నిలబెట్టిందెవరు? ఈల వేస్తే వెక్కిరించడం మీకు నేర్పిందెవరు? రేపు ఎనిమిదింటికి నేను గేటు దగ్గర కూర్చుంటాను. వచ్చేవాళ్ళు రండి. రానివాళ్ళు ఆ బండ కిందికి పోండి."

జీపు డ్రైవరు గోడకానుకుని అంతా విన్నాడు. ఏమనుకున్నాడో, గట్టు మీదున్న కాగితం తీసి వెనక్కి తిప్పాడు. "చెప్పండి, రాస్తాను. నా సీజను ఎలాగూ మట్టికొట్టుకుపోయింది" అన్నాడు. మేం చెప్పింది చెప్పినట్టు రాశాడు. ఈల విన్నాం, పరిగెత్తలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క మనిషినే నిలబెట్టి, వాడి ఈలకు విలువ లేకుండా చేసింది కాంట్రాక్టరు. బండ దిగేదాకా, అరగంటకు పైచూపు మారేదాకా, రోడ్డు మూసే ఉండాలి. ముప్ఫై వేలిముద్రలు పడ్డాయి. సూపర్‌వైజర్ వదిలి వెళ్ళిన సిరాయే పనికొచ్చింది.

మర్నాడు గేటు కిందికి దించి దాని ముందు కూర్చున్నాం. నినాదాలు ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. చినుకుల్లో, తలమీద గోనెసంచులు కప్పుకుని ఊరికే కూర్చున్నాం. హోటలావిడ తన అత్తను తీసుకొచ్చింది. ఆమె బండిని నలుగురు పైచూపుల కాపలాలో దాటించి మళ్ళీ గేటు దించాం. గేటు పక్కనే "రోడ్డు తెరిచి ఉంది, సురక్షితం" అని కొత్త బోర్డు పాతి ఉంది. పదింటికి పై ఊరి నుంచి ఇన్‌స్పెక్టరు వ్యానులో దిగాడు. వెంట పన్నెండు మంది కానిస్టేబుళ్ళు, సూపర్‌వైజర్.

"ఈల వెయ్యనివాడెవడు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. మా మరిది లేవబోయాడు. మేస్త్రి కాగితం ఇచ్చాడు. ఆయన చదివి, ముఖం చిట్లించి, సూపర్‌వైజర్ వైపు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వీడిని వ్యాను ఎక్కించండి. కోర్టు కింది పట్నంలో ఉంది, మధ్యాహ్నం లోపు చేరాలి."

"నన్ను కూడా ఎక్కించండి. విని పరిగెత్తనిదాన్ని నేను" అన్నాను. నా వెనకే అందరూ లేచారు. "ఇరవై తొమ్మిది మంది ఎక్కువయ్యారు సార్" అన్నాడు కానిస్టేబులు ఒకడు, నిజంగానే లెక్కపెట్టి. చెల్లి అందరికంటే ముందు వ్యాను మెట్టు మీద కూర్చుంది.

"సరే, అందరినీ రెండు మూడు ట్రిప్పుల్లో దించండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. గేటు ఎత్తారు. వ్యాను మలుపు దాకా వెళ్ళి ఆగింది. పైనుంచి పిడికెడు మట్టి జలజలా రాలింది. తర్వాత తలకాయంత రాయి ఒకటి దొర్లుకుంటూ వచ్చి, వ్యాను ముందు నుంచి లోయలోకి పోయింది. డ్రైవరు బండిని గేటు దాకా వెనక్కి తీశాడు.

ఇన్‌స్పెక్టరు దిగి పైకి చూశాడు. ఆ బండని మొదటిసారి చూశాడనుకుంటాను. "ఏమయ్యా మేస్త్రీ, పోవచ్చా?"

"రోడ్డు తెరిచే ఉంది కదా సార్" అన్నాడు మేస్త్రి. "బోర్డు కూడా ఉంది."

"సూపర్‌వైజర్ గారూ, మీరు ముందు సీట్లో కూర్చోండి."

సూపర్‌వైజర్ రెండడుగులు వెనక్కి వేశాడు. "నాకు పైన ఆఫీసులో అర్జెంటు పనుంది సార్."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి మా మరిది దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి అన్నాడు. "నువ్వు చూసి చెప్పరా. ఎప్పుడు పోవచ్చో చెప్పు, పోదాం."

మా మరిది ఆయన మొహంలోకి చూశాడు. "నేను నిద్రపోయేవాణ్ణని మీ కేసులో ఉంది కదా సార్. నన్ను నమ్మి వెళ్తారా?"

ఎవరూ నవ్వలేదు. కానిస్టేబుళ్ళు నేల చూపులు చూశారు. ఇన్‌స్పెక్టరు గట్టు మీదుగా దిగే పాత కాలిబాట ఎక్కడుందని అడిగాడు. నాలుగు గంటల నడక అని చెప్పాం. "నడవండి" అన్నాడు. బయల్దేరేముందు ఇద్దరు కానిస్టేబుళ్ళను గేటు దగ్గర పెట్టి, "ఒక్క బండిని కూడా ఇటు పంపొద్దు" అని ఆర్డరు వేశాడు.

రోడ్డు మూసినందుకు మా మీద కేసు ఉంది. ఇప్పటికీ వాయిదాలకు తిరుగుతున్నాం. మూసింది ఎవరో మీరే చెప్పండి.

ఆ రోజు కోర్టు మమ్మల్ని జైలుకు పంపింది. జైల్లో ఉండగా ఆరో రోజున బండ పడిందని జీపు డ్రైవరు వచ్చి చెప్పాడు. రోడ్డు సగం విరిగి లోయలోకి పోయిందట. చెల్లి ఊచలు పట్టుకుని అడిగింది. "కింద ఎవరైనా ఉన్నారా?" ఎవరూ లేరన్నాడు. అప్పుడు ఏడ్చింది ఆమె, మొగుడు పోయాక మొదటిసారి. నేను పక్కనే ఉన్నాను, చెయ్యి వేయడానికి ధైర్యం చాల్లేదు. ఆమె నాతో ఇంతవరకూ మాట్లాడలేదు. అదిగో, రెండో వరసలో కూర్చుంది.

ఆ రోడ్డు పోయింది కదా అని కాంట్రాక్టరు ఊరికే లేడు. ఇప్పుడు మీ కొండ మీదికి వచ్చాడు. అదే సూపర్‌వైజర్ వచ్చాడు. మీ దగ్గర కూడా మనుషుల్ని తగ్గించాడని విని మేం ముప్ఫై మందిమీ బస్సులు మారి వచ్చాం. ఒళ్ళు హూనమైంది, దాచడం ఎందుకు? ఎక్కడైనా కాసేపు నడుం వాల్చాలి. మీ గేటు పొద్దున ఎన్నింటికి ఎత్తుతారో చెప్పండి. అంతకంటే ముందే వెళ్ళి కూర్చోవాలి.