పసుపు పూసిన కన్ను

నేను ఒక పరికరాన్ని. నీళ్ళలో కలక ఎంత ఉందో కొలవడం నా పని. మొహమాటం నా ఒంట్లో లేదు కాబట్టి ముందే చెబుతున్నాను: మీ మనుషులంటే నాకు ఒళ్ళు మంట.

నన్ను తయారుచేసింది పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే మృణాళినిగారు. నాకు రెండు పొట్టి కాళ్ళు. ఒక కాలిలో చిన్న దీపం, ఎదుటి కాలిలో ఆ వెలుగును పట్టే కన్ను, మధ్యలో నీళ్ళు. నీళ్ళు తేటగా ఉంటే వెలుగు నేరుగా వస్తుంది, బురదైతే దారిలోనే తగ్గిపోతుంది. ఎంత తగ్గిందో లెక్కగట్టి అంకె చూపడానికి గోరంత మైక్రోకంట్రోలర్ నా తలలో పెట్టారు. అంకె ఐదు దాటితే ఊరికి నీళ్ళు వదలకూడదు. ఇది అర్థం కావడానికి డిగ్రీలక్కర్లేదు, బుర్ర ఉంటే చాలు.

ఆవిడ నన్ను ఏటి ఒడ్డున ఫిల్టర్ హౌస్ తొట్టిలో దించి, ఆపరేటర్ తవిటినాయుడికి అప్పగించారు. తేట నీళ్ళలో ముంచి బొత్తాం నొక్కితే సున్నా కుదురుతుందని, ఊరికే దాన్ని ముట్టుకోవద్దని రెండుసార్లు చెప్పారు. రెండుసార్లూ తలూపాడు. తలూపడంలో మీకు సాటి ఎవరు?

దసరా వచ్చింది. ఆయుధపూజట. పంపులకు బొట్లు, మోటార్లకు బొట్లు, చివరికి తాళంకప్పకూ బొట్టే. తవిటినాయుడు నన్నూ పైకి లాగి, నూనెలో కలిపిన పసుపు సరిగ్గా నా కంటి మీదే పూసి, కుంకుమ అద్ది, దండం పెట్టి, మళ్ళీ నీళ్ళలో దించాడు. వెలుగు కనబడక నేను నలభై చూపించాను. నీళ్ళేమో గాజులా ఉన్నాయి. పూజ చేయగానే మిషను తిరగబడిందేమిటని అతను హడలిపోయాడు. కన్ను తుడిస్తే సరిపోయేది. కానీ పెట్టిన బొట్టు చెరపకూడదు కదా! బొత్తాం నొక్కేశాడు. పసుపు పూతే తేట అని నాకు నేర్పాడు. అంకె సున్నాకి దిగింది, అతని మనసు కుదుటపడింది.

వారం తిరక్కుండానే పసుపు కడుక్కుపోయింది. నలభై దగ్గర కుదిర్చిన తప్పుడు సున్నా మాత్రం మిగిలింది. అంతలో తుఫాను పట్టి ఏరు ఎర్రగా పొంగింది. నలభై దాటాల్సిన నీళ్ళకి నేను రెండు చూపించాను. ఆ అంకె చూసి తవిటినాయుడు పటిక రోజూ వేసేంతే వేసి, ఊరికి నీళ్ళు వదిలేశాడు.

ఫిల్టర్ హౌస్ ఊడ్చే ఎరకమ్మ తన బిందె నింపుకుని, అందులోకి చూసి ఆగిపోయింది.

"ఏటి బాబూ, నీల్లు ఎర్రగున్నాయి. ఇంటికాడ మనవరాలు ఈ నీల్లే తాగాల" అంది.

"మిషను రెండు సూపిత్తంది. నీ కల్లు మిషను కన్నా ఎక్కువేటి? పట్టుకెల్లు" అన్నాడు తవిటినాయుడు.

ఆమె నా వైపు చూసింది. అంకెకు తెలియనిది తన కళ్ళకేం తెలుస్తుందనుకుంది పాపం. బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. అరవడానికి నాకు నోరు లేదు. నోరున్నవాళ్ళు చేసింది ఇదీ.

మర్నాటికే పిల్లకు వాంతులు, విరేచనాలు. నాలుగోరోజు పెద్దాసుపత్రిలో చనిపోయింది. రెండేళ్ళు నిండలేదు. ఆ వీధిలో ఇంకా ముప్పైమంది మంచాన పడ్డారు.

విచారణకు వచ్చిన అధికారి, నీళ్ళు బాగున్నాయని ఎవరన్నారని అడిగాడు. అందరూ నన్నే చూపించారు. మృణాళినిగారు నన్ను పైకి తీసి, సందులో ఇరుక్కున్న పసుపును గోటితో గీకి అధికారికి చూపించారు. ఆవిడ చెప్పిందంతా విన్నాక కూడా అధికారి 'యంత్రలోపం' అని రాసి సంతకం పెట్టాడు. థూ! రాసుకోండి, మీ చేతిలో పని.

ఇప్పుడు నేను ఫిల్టర్ హౌస్‌లోనే, సీలు వేసిన సంచిలో, అద్దాల బీరువాలో ఉన్నాను. పిల్ల పోయిన పన్నెండు రోజుల తర్వాత ఎరకమ్మ మళ్ళీ పనిలోకి వచ్చింది. గది సగం ఊడ్చి బీరువా ముందు నిలబడింది. తవిటినాయుడు తల వంచుకుని కూర్చున్నాడు. అతన్ని తిడుతుందని ఆశగా చూశాను.

"నాను సూసినాను బాబూ" అంది మెల్లగా. "ఎర్రగుండడం నా కల్లతో సూసినాను. మరి పిల్లకెందుకు పట్టీసినాను?"

జవాబు నాకు తెలుసు. నేను రెండు అన్నాను, ఆమె నన్ను నమ్మింది.