పాత ఓనరు నంబరు

"అక్కా, కొత్తింటి ఓనరు నీ పాత ఓనరు నంబరు అడుగుతడు. నా రెండో ఫోను నీ దగ్గర పెట్టుకో. గా నంబరే ఇయ్యి. ఫోనొస్తే ముసలామె గొంతుతోని నువ్వే మాట్లాడు. నీకేం కొత్తనా?" అన్నాడు బ్రోకర్ ఓంప్రకాష్.

కొత్తేమీ కాదు. పద్దెనిమిదేళ్లుగా డబ్బింగ్ చెబుతున్నాను. తెలుగు రాని హీరోయిన్లు తెరమీద గలగలా మాట్లాడుతున్నారంటే నా గొంతు పుణ్యమే. కానీ నేనుంటున్న షేక్‌పేట ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నారు. నెలాఖరుకల్లా ఖాళీ చేయాలి. మొగుడూ లేడు, జీతం స్లిప్పూ లేదని ఇప్పటికి నలుగురు ఓనర్లు తలుపేశారు. ఫిల్మ్‌నగర్‌లోని ఈ ఐదో ఇల్లు స్టూడియోకి నడిచివెళ్లేంత దూరం. ఇదీ పోతే ఊరి చివరకి పోవాలి, పొద్దున్నే ఏడింటి రికార్డింగులు వదులుకోవాలి.

దాచడమెందుకు, స్నానాల గదిలో నిలబడి మా ఓనరు దేవమ్మ గొంతు పట్టి చూశాను. "మనోజ బంగారమసొంటి పిల్ల" అన్నాను. అచ్చం ఆమే. అద్దంలో నన్ను నేను చూసుకుంటే ఒళ్లు మండింది. ఐదేళ్లు వేళకు కిరాయి కట్టినదాన్ని, దొంగలా ఎందుకు దాక్కోవాలి? ఆధార్, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు, యూనియన్ కార్డు, విడాకుల కాగితం ఫైల్లో పెట్టాను. పైన దేవమ్మ అసలు నంబరు రాశాను.

ఫిల్మ్‌నగర్ ఇంటి ఓనరు పట్టాభిరామయ్య బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. స్టేట్‌మెంటు మీద వేలు పెట్టి వరసగా చదివాడు.

"ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ. ఇదేంటండీ ఇలా?"

"పని ఎట్లొస్తే పైసలు గట్లొస్తయి సార్. ఏడాది మొత్తం కూడి చూడుండ్రి."

కూడి చూశాడు. దానికి వంక దొరకలేదు. విడాకుల కాగితం తీశాడు.

"ఎందుకు విడిపోయారు?"

"అది కిరాయికి సంబంధం లేని ముచ్చట."

అవతల ఆయన భార్య సీతామహాలక్ష్మి సీరియల్ చూస్తోంది. అందులో కోడలు ఏడుస్తున్నది నా గొంతుతోనే. ఆవిడ ఒకసారి టీవీ వంక, ఒకసారి నా వంక చూసి సౌండు తగ్గించింది.

ఆయన దేవమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"మనోజనా? కిరాయి ఎన్నడూ ఆపలే. కానీ నోరు పెద్దది సార్. మోటర్ చెడిపోతే బాగు చేయించేదాంక నా పాణం తీసింది. నడి ఏడాదిల కిరాయి పెంచుతనంటే అగ్రిమెంట్ తెచ్చి నా ముందల పెట్టింది."

ఆయన ఫోను పెట్టేసి ఫైలు నా వైపు జరిపాడు. "మాకు గొడవలు పడవండీ."

ఇల్లు పోయిందనుకున్నాను. వెంటనే కోపం వచ్చింది.

"ఆమె చెప్పిందంతా నిజమే సార్. ఇప్పుడు మీరొక నంబరియ్యుండ్రి. నాకంటే ముందు గీ ఇంట్ల ఉన్నోళ్లది. నేను గూడ అడుగుత."

"అలాంటి పద్ధతి లేదండీ."

"నా గురించి అడిగే పద్ధతి ఉన్నది గదా."

టీవీ ఆగిపోయింది. "ఇంతకుముందు అద్దెకున్న స్ఫూర్తి నంబరు నా దగ్గరుందమ్మా," అంటూ సీతామహాలక్ష్మి వచ్చి తనే డయల్ చేసి, స్పీకర్ పెట్టి ఫోను మా మధ్య ఉంచింది. ఆయన ఏదో అనబోతే, "మీరుండండి" అంది.

నేను ఎవరో చెప్పి అడిగాను. ఆ అమ్మాయి దాచకుండా చెప్పింది.

"అంకుల్ మంచోడే అక్కా. కానీ నేను డ్యూటీకి పోయినంక తన తాళంచెవితోని లోపటికొచ్చి చూసేటోడు, ఫ్యాన్ బంద్ చేసిన్నా లేదా అని. అందుకే ఖాళీ చేసిన."

పట్టాభిరామయ్య ముఖం కందిపోయింది. "నా ఇల్లు నేను చూసుకోకూడదా?"

"చూస్కోవచ్చు. నేనున్నప్పుడు, చెప్పి రావాలె. గా మాట అగ్రిమెంట్ల రాయుండ్రి."

సీతామహాలక్ష్మి పెన్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది. "రాయండి. మూడు నెలల్నుంచి ఇల్లు ఖాళీగానే ఉంది."

ఆయన రాశాడు. నేను ప్రతి వాక్యం చదివాకే సంతకం పెట్టి లేచాను.

"ఒకటో తారీఖు సామాను తెస్త సార్. తలుపుకు కొత్త తాళం గూడ నేనే తెచ్చుకుంట."