వెనక చక్రం

"చూడు, ఎంత బాగా తిరుగుతోందో," అన్నాడు నిన్న గార్త్, స్టాండుకి వేలాడదీసిన నా సైకిలు పెడల్‌ని చేత్తో తిప్పుతూ. తిరుగుతుంది మరి. గాల్లో తిప్పితే ఏ చైనూ జారదు. మిట్ట మీద నా బరువంతా వేసి తొక్కినప్పుడే టక్కుమని జారుతుంది. పోయిన శనివారం అలా జారే మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుని కుట్లు పడ్డాయి. మే నెలలో కొత్త చైను వేసిన దగ్గర్నుంచీ ఇదే వరస. కేబులు బిగించాడు, వంకర్లు సరిచేశాడు, చివరికి "లోపం సైకిల్లో లేదు కొరీన్, నీ తొక్కుడులో ఉంది," అని తేల్చేశాడు. మొగుడు కదా, నమ్మాను.

శనివారాలు ట్రక్కు నడిపే పని పెళ్ళయినప్పటినుంచీ నాదే. మగాళ్ళనీ వాళ్ళ సైకిళ్ళనీ కొండమీది గేటు దాకా చేర్చడం, ఖాళీ ట్రక్కు దింపుకొచ్చి సరస్సు ఒడ్డున కాచుకోవడం, వాళ్ళు దిగొచ్చి కొట్టే గొప్పలు నోరు తెరుచుకుని వినడం. ఈ వేసవిలో గార్త్ స్నేహితుడు వేడ్‌కి నడుం పట్టేసింది. తొక్కలేక తనే స్టీరింగు పట్టుకున్నాడు కాబట్టి నాకు తొక్కే యోగం పట్టింది. గేటు దాటాక మిట్టెక్కి అడవిలోకి దిగుతూ ఆనందంతో కేకలు పెట్టాను, నలభై రెండేళ్ళదాన్ని! ఇప్పుడు వేడ్ నడుం బాగుపడింది, ఇక ట్రక్కు మళ్ళీ నాదేనట. "హాయిగా ట్రక్కులో కూర్చోక నీకెందుకే ఈ తిప్పలు?" అంటుంది మా అత్తగారు పాలీ. "అయినా పెళ్ళాం సైకిలు బాగుచేసిపెట్టే మొగుడు ఎందరికి దొరుకుతాడు?"

ఈ ఉదయం గార్త్ స్నానానికి వెళ్ళగానే సైకిలు దింపి, ఇంటిముందు ఏటవాలులో ఒక్కో గేరూ వేసి నిలబడి తొక్కాను. రెండు గేర్లలోనే జారింది. వెనక చక్రం విప్పి వెలుతురులో చూస్తే ఆ రెండు గేర్ల బిళ్ళల పళ్ళూ అరిగి ఒక పక్కకి వాలిపోయి ఉన్నాయి. అంతగా అరగడానికి నేను తొక్కిందెంత? అప్పుడు గుర్తొచ్చింది. మే నెలలో గార్త్ తన వెనక చక్రానికి కొత్త ఫ్రీవీల్, అంటే ఈ పళ్ళ బిళ్ళల గుత్తి, కొనుక్కుని, పాతది నాకు బిగించాడు. "నీకిది చాల్లే," అన్నాడు. అతని పాత ఫోనూ, పాత జాకెట్టూ, ఈ పాత సైకిలూ చాలినట్టే. అతను ఏళ్ళతరబడి మిట్టెక్కి అరగదీసిన పళ్ళ మీద కొత్త చైను ఎలా కుదురుకుంటుంది? నేనేమో ఇన్నాళ్ళూ నా కాళ్ళని తిట్టుకున్నాను. ఒళ్ళు మండిపోయింది.

అతను కాఫీ ఫ్లాస్కుతో గరాజ్‌లోకి వచ్చేసరికి, అతని వెనక చక్రం నా సైకిలుకి బిగిస్తున్నాను.

"ఏంటది?"

"నీ పాత ఫ్రీవీల్ పళ్ళు అరిగిపోయాయి. అదిగో, చూసుకో."

వేలితో తడిమి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"సరేలే, సోమవారం కొత్తది తెప్పిస్తా. ఇవాళ్టికి నా చక్రం నాకిచ్చెయ్."

"సోమవారం నీకే తెప్పించుకో."

"అదేంటి! దీంతో ఆ మిట్టెలా ఎక్కను? మోకాలు పగులుతుంది!"

అన్నాక గానీ ఏమన్నాడో అతనికే తెలియలేదు. నేను ఇరుసు బిగించాను. బయట వేడ్ హారన్ కొట్టాడు. "ఏమ్మా కొరీన్, బయల్దేరదామా?"

గార్త్ నన్నూ, వాకిలినీ మార్చి మార్చి చూశాడు.

"మరి ఇవాళ ట్రక్కు ఎవరు నడుపుతారు?"

పెళ్ళయ్యాక ఆ ప్రశ్న అతని నోట వినడం అదే మొదటిసారి.