బండి తోలేది ఎవరు?

రూతు కారు తాళం చేతిలోకి తీసుకుందంటే కొర్నేలు ప్రార్థన పొడుగవుతుంది. ఎక్కగానే నాలుగు మాటలు ప్రార్థన చేసుకుని బయల్దేరడం వాళ్ళింట్లో మొదట్నుంచీ ఉన్న అలవాటే. ఇదివరకు కొర్నేలు స్టీరింగ్ మీద చెయ్యేసి చిన్నగా ముగించేవాడు. ఇప్పుడు పక్క సీట్లో కూర్చుని ఎదురుగా వచ్చే లారీల దగ్గర్నుంచి సందుల్లోంచి దూసుకొచ్చే పిల్లల దాకా అన్నిటినీ దేవుడికి అప్పజెప్పి గాని వదలడు. ఆయన ఆమేన్ అనేలోపే రూతు ఇంజన్ స్టార్ట్ చేసేస్తుంది.

"ఈ ఎండలో ఏసీ లేకుండా ఎంతసేపండీ? దేవుడికి మనం ఎటు వెళ్తున్నామో తెలీదా?" అంటుంది.

వాళ్ళది నరసాపురం దగ్గర. సౌదీలో, అల్ ఖోబర్‌లో అల్ అజీజియా వైపు కాపురం. రూతు హాస్పిటల్లో స్టాఫ్ నర్సు. కొర్నేలు పైపుల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసేవాడు. షుగర్ కళ్ళకి పాకింది. దూరానివి బాగా, దగ్గరివి కాస్త మసకబారాయి. కంటి పరీక్షలో నెగ్గక లైసెన్సు రెన్యూ కాలేదు, ఆ తర్వాత ఉద్యోగమూ నిలవలేదు. ఇప్పుడు భార్య నివాస పర్మిట్, ఇకామా మీద ఇంట్లో ఉంటున్నాడు. వంట ఆయనదే. చేపల పులుసు తనకంటే ఆయనే బాగా పెడతాడని రూతు అందరికీ చెబుతుంది.

చూపు తగ్గకముందు ఏడాదే ముచ్చటపడి కొన్నాడు ఆ ఎర్ర ఎస్‌యూవీ. యాక్సిలరేటర్ మీద కాలు పెడితే చాలు, ఎగిరి దూకుతుంది. రోజూ పొద్దున్నే కిందికి దిగి ఇసకదుమ్ము తుడిచి వస్తాడు. ఎక్కడ గీత పడిందో చూడలేడు గాని, వేలితో రాసి చెప్పగలడు.

ఆడవాళ్ళకి లైసెన్సులివ్వడం మొదలైన కొత్తలోనే రూతు డ్రైవింగ్ స్కూలుకెళ్ళి నేర్చుకుంది. ఎవరినీ గుద్దింది లేదు. అయినా రౌండెబౌట్ వచ్చిందంటే కొర్నేలు కుడికాలు నేలని గట్టిగా తొక్కుతుంది, నోరు "బ్రేక్! బ్రేక్!" అంటుంది. కాలితో లేని బ్రేకు తొక్కుతూ నోటితో చేసే ప్రార్థన ఏపాటి ప్రార్థనో ఆయన ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు.

రూతు తమ్ముడు స్టాన్లీ పక్క ఊరు దమ్మాంలో ఉంటాడు. శుక్రవారం ప్రార్థన కూడిక వాళ్ళింట్లోనే. ఒకసారి కారు లోపలికి తొంగిచూసి, "బావా, డ్రైవర్ వైపు మ్యాట్ కొత్తగానే ఉంది, మీ వైపుదే అరిగిపోయింది," అన్నాడు. అందరూ నవ్వారు. రూతు నవ్వలేదు.

ఆ రోజు ఇంటికొస్తూ మళ్ళీ అరుపు. రూతు కారు పక్కకి తీసి ఆపింది.

"నేను ఐసీయూలో మనుషుల ప్రాణాలు చూసుకుంటానండీ. అక్కడ ఎవరూ నామీద అరవరు. ఇంకొక్కసారి బ్రేక్ అన్నారా, కారు స్టాన్లీకి ఇచ్చేస్తాను. నాకు హాస్పిటల్ బస్సుంది."

రూతు ఉత్తినే అనే మనిషి కాదు. కొర్నేలు డాష్‌బోర్డు మీద చెయ్యేశాడు.

"తప్పు నీది కాదు రూతూ, కారుది. మలుపులో పక్కకి ఎలా వాలిపోతోందో చూశావా? ఎత్తయిన బండి, కింద స్ప్రింగులు మెత్తన. సస్పెన్షన్ మారిస్తే రోడ్డుని పట్టుకుని పోతుంది. అప్పుడు నాకేం భయం?"

అందులో నిజం లేకపోలేదు. ఆ కారు మలుపుల్లో వాలేమాట వాస్తవమే.

"మార్పించండి. ఆ తర్వాత కూడా అరిస్తే మాత్రం కారు మాటెత్తకండి," అంది రూతు.

స్టాన్లీ సెలవుపెట్టి బావని మెకానిక్కులుండే సనాయియాకి తీసుకెళ్ళాడు. వరసగా షెడ్లు, ఎటు చూసినా విప్పేసిన బళ్ళు. అక్కడ రాయచోటి ఖలందర్‌ది చిన్న షెడ్డు. స్టాన్లీ టీకని అటు వెళ్ళగానే ఖలందర్ కారు చుట్టూ తిరిగి, బానెట్ మీద రెండు చేతులూ వేసి నొక్కి వదిలాడు. కారు ఊగి ఊగి నిలబడింది.

"ఊయలున్నట్టుందిగదన్నా! షాకబ్జర్లు, స్ప్రింగులు మారుద్దాం. అడ్డంగా ఉండే రాడ్డు లావుది ఏస్తే మలుపులో వాలదు. బుష్షులు కూడా కొత్తవి. ముందు ఇది చెప్పు, బండి ఎవురు తోలేది?"

"నేనే," అన్నాడు కొర్నేలు.

అబద్ధమాడాలనుకోలేదు. అడగగానే నోటికి అదే వచ్చింది. అన్నేళ్ళ అలవాటుని అబద్ధమనొచ్చో లేదో దేవుడే చెప్పాలి. నాలిక మీదికి వచ్చిన దిద్దుబాటుని మాత్రం ఆయన మింగేశాడు. అది ఆయనకీ తెలుసు.

"నీది బరువు ఒళ్ళు లాగుంది. గట్టిగా పెట్టేస్తాండా," అని ఖలందర్ పని మొదలుపెట్టాడు. అన్నీ బిగించాక ఒక్కో షాకుకీ ఉన్న చిన్న గుండీ చూపించాడు. ముందువి బానెట్ ఎత్తితే అందుతాయి, వెనకవి చక్రం లోపలికి చెయ్యి పెడితే. కుడికి తిప్పితే గట్టి, ఎడమకి తిప్పితే మెత్తన. తిప్పినప్పుడల్లా వేలికింద టిక్కుమంటుంది.

శుక్రవారం కూడికకి బయల్దేరారు. కారు నిజంగానే మారిపోయింది. రౌండెబౌట్‌లో బల్లపరుపుగా తిరిగింది. వెనక సీట్లో పెట్టిన బైబిలు కూడా జరగలేదు.

"బ్రేక్!" అన్నాడు కొర్నేలు.

రూతు మలుపు దాటాక అడిగింది. "కారు వాలిందా?"

"లేదు."

"మరి?"

ఆయన బైబిలు ఒళ్ళోకి తీసుకున్నాడు. కూడికలో ఆయన కీర్తన కూడా పాడలేదు. బయల్దేరేటప్పుడు రూతు గుమ్మంలోనే తమ్ముడితో చెప్పింది. "రేపు సాయంత్రం వచ్చి కారు తీసుకెళ్ళు."

స్టాన్లీకి ఆ కారు మీద ఎప్పట్నుంచో కన్నుంది. అయినా బావ మొహం చూసి, "ఎందుకక్కా, ఉండనీ," అని గొణిగాడు.

ఇంటిముందు స్పీడ్ బ్రేకర్ మీద కారు ఎగిరి పడింది. దిగేటప్పుడు రూతు తలుపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడి, నడుం మీద చెయ్యేసుకుంది. పేషెంట్లని ఎత్తీ దించీ పాడైన నడుం అది. ఆ సంగతి కొర్నేలుకి కొత్త కాదు. కారుకి సస్పెన్షన్ వేయించేటప్పుడు మాత్రం ఆ నడుం గుర్తుకు రాలేదు.

మర్నాడు రూతు కునుకు తీస్తుండగా ఆయన ఖలందర్‌కి ఫోన్ చేశాడు.

"కారు గట్టిగా కొడుతోందయ్యా."

"తోలేది నువ్వేనన్నావు గదన్నా. నీకు తగ్గట్టే పెట్టినా."

కొర్నేలు పడగ్గది తలుపు దగ్గరికి వేశాడు. "నేను కాదు ఖలందర్. మా ఆవిడ తోలుతుంది. నాకు కళ్ళు సరిగ్గా కనపడవు."

అవతల సుత్తి చప్పుడు ఆగింది. "ఆ మాట అప్పుడే చెప్పుంటే అయిపోయేది. దానికేముందిలే. వదిన మనిషి సన్నమా? అయితే ఎడమకి తిప్పు. మెత్తనయినా వాలదు, రాడ్డు పట్టుకుంటాది."

పాత తువ్వాలు పట్టుకుని కిందికి దిగాడు. బానెట్ ఎత్తి ముందువి తిప్పాడు. తర్వాత వెనక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, మోచేయి దాకా లోపలికి పెట్టి వెతికాడు. ఈ పనికి కళ్ళతో అవసరం లేదు. టిక్కు, టిక్కు.

"స్టాన్లీ వచ్చే టైమైంది. అక్కడేం చేస్తున్నారు?" వెనక రూతు నిలబడి ఉంది.

"తోలేది నేనేనని చెప్పి దీన్ని నాకు తగ్గట్టు పెట్టించాను. నీకు మారుస్తున్నా." లేచి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "ఒక్క చుట్టు తిప్పి చూడు. నడుముకి తెలుస్తుంది. ఆ తర్వాత నీ ఇష్టం."

రూతు ఆయన మోకాళ్ళకంటిన దుమ్ము వైపు చూసింది. పైకెళ్ళి ఇంటి తాళం పక్కింట్లో ఇచ్చి, కారు తాళం తెచ్చింది.

కారెక్కాక ఆయన కళ్ళు మూసుకోలేదు. "నువ్వే చెయ్యి ప్రార్థన. నడిపేది నువ్వు కదా," అన్నాడు.

ఆమె నాలుగు మాటల్లో ముగించింది. ఈసారి ఆమేన్ అన్నాకే ఇంజన్ స్టార్టయింది.

స్పీడ్ బ్రేకర్ మీద కారు మెత్తగా ఎక్కి దిగింది. రౌండెబౌట్ వచ్చింది. కొర్నేలు కుడికాలు నేలని తొక్కింది. పెదాలు బిగుసుకున్నాయి. మాట బయటికి రాలేదు. కారు మలుపు తిరిగి సముద్రం పక్క కోర్నీష్ రోడ్డెక్కింది.

"నడుం?" అని అడిగాడు చివరికి.

"బానే ఉంది," అంది రూతు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. కాస్త దూరం పోయాక, "కాలు తొక్కుకుంటే తొక్కుకోండి. అరవకుండా ఉంటే చాలు," అంది.

స్టాన్లీ ఫోన్ చేశాడు, బిల్డింగు కింద ఉన్నానని.

"పైకెళ్ళి కూర్చోరా, ఇంటి తాళం పక్కింటి జయ దగ్గరుంది," అంది రూతు. "బావగారు పులుసు పెట్టారు. తినేసి వెళ్దువుగాని, కారు లేకుండా."